యాప్‌లో ‘ఖాళీ’ అంటే నమ్మొచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లాలి. యాప్‌లో చూపించే ఛార్జర్లు నిజంగా పనిచేస్తాయా?

జవాబు: యాప్‌నే నమ్ముకుని బయల్దేరకండి. ఛార్జర్ సర్వర్‌తో మాట్లాడుతూ ఉండి, వేరే కారు లేకపోతే యాప్ సాధారణంగా ‘ఖాళీ’ అనే చూపిస్తుంది. ఛార్జింగ్ గన్ (కారుకు తగిలించే ప్లగ్) పిన్నులు పాడైనా, వోల్టేజీ పడిపోయినా చాలాసార్లు యాప్‌కు తెలియదు. అక్కడ చివరిసారి ఛార్జింగ్ ఎప్పుడు జరిగిందో చూడండి. ఈ రోజే జరిగి ఉంటే ధైర్యం చేయొచ్చు. ఒక్కటే గన్ ఉన్న స్టేషన్ కన్నా నాలుగున్నది మేలు. సూర్యాపేట దాదాపు సగం దారి. బ్యాటరీ 40 శాతం ఉండగానే అక్కడ ఆగండి. ఛార్జర్ మొరాయించినా కోదాడ చేరగలరు. 80 శాతం దాటాక ఛార్జింగ్ వేగం బాగా తగ్గుతుంది, అక్కడితో ఆపి కదలండి. రెండు మూడు కంపెనీల యాప్‌లలో ఇంటి దగ్గరే డబ్బు వేసి ఉంచుకోండి. ఏ స్టేషన్ ఎన్ని గంటలు మూతపడిందో కంపెనీలు బయటపెట్టాలి. డబ్బు కట్టేవారికి అది తెలియాల్సిందే.