ఎండిన పెన్నలో 30 అంటే ఎంత?

బీఓడీ, సీఓడీ డెఫినిషన్లు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పరీక్షలో రాసి, హాల్ బయటికి రాగానే మర్చిపోయే బాపతు మనం. కోడ్ రాసుకునేవాళ్ళకి మురుగునీళ్ళతో ఏం పని అనిపిస్తుంది. కానీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు వాళ్ళకి ఇది ఇంటి విషయం. సిలబస్ పక్కనపెట్టి, మన ఊళ్ళ లెక్కలో చూద్దాం రండి.

బీఓడీ అంటే బాకీ

ప్రొద్దుటూరు వ్యాపారాల ఊరు కదా, బాకీ భాషలోనే చెప్తా. గంజి, ఎంగిలి, మలం, పేడ ఇవన్నీ నీళ్ళలో కలిస్తే బ్యాక్టీరియా వాటిని తింటుంది. తింటూ నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ వాడుకుంటుంది. ఒక లీటరు మురుగులో ఉన్నదాన్ని తినడానికి ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుందో అదే బీఓడీ. అంటే ఆ నీళ్ళు ఆక్సిజన్‌కు పడిన బాకీ.

మరి తీర్చడానికి చేతిలో ఎంతుంది? 27 డిగ్రీల దగ్గర మంచి నీళ్ళలో లీటరుకు సుమారు 8 మి.గ్రా. ఆక్సిజనే కరుగుతుంది. ఇళ్ళ మురుగు బీఓడీ మామూలుగా 200 నుంచి 300 దాకా ఉంటుంది. 250 అనుకోండి. ఒక్క లీటరు మురుగు బాకీ తీరాలంటే 31 లీటర్ల మంచి నీళ్ళలోని ఆక్సిజన్ అంతా ఊడ్చుకుపోతుంది. అదీ అయిపోతే గాలి అక్కర్లేని బ్యాక్టీరియా దిగుతుంది. కాలవల దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన దాని పనే.

కొలిచేదెట్లా?

300 మి.లీ. సీసాలో 6 మి.లీ. మురుగు పోసి, మిగతాది గాలి బాగా పట్టించిన శుభ్రమైన నీళ్ళతో నింపుతారు. మొదట ఆక్సిజన్ 7.8 ఉందనుకుందాం. చీకట్లో, 27 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచి చూస్తే 3.0 ఉంది. తగ్గింది 4.8. దాన్ని 300/6తో, అంటే 50తో గుణిస్తే 240. అదే బీఓడీ.

మురుగును అంత పల్చన చేయడమెందుకు? పచ్చి మురుగు అలాగే పోస్తే ఉన్న 8 మి.గ్రా. త్వరగా అయిపోయి రీడింగ్ సున్నా దగ్గర ఆగుతుంది. అసలు బాకీ 50 అయినా 500 అయినా ఒకేలా కనిపిస్తుంది. ఓవర్‌ఫ్లో అయిన వేరియబుల్‌ను నమ్మం కదా, ఇదీ అంతే.

మూడు రోజులు ఆగలేకపోతే సీఓడీ ఉంది. పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి రెండు గంటలు వేడిచేస్తే, బ్యాక్టీరియా తినలేనివి కూడా చాలావరకు ఆక్సీకరణం చెందుతాయి. ఇళ్ళ మురుగులో సీఓడీ దాదాపు బీఓడీకి రెండింతలుంటుంది. అంతకంటే బాగా ఎక్కువుంటే, రంగుల అద్దకం లాంటి చోటినుంచి బ్యాక్టీరియాకు అరగనిది ఏదో కలిసిందని అనుమానించాలి.

బాకీ తీర్చేదెట్లా?

జాలీలు, ఇసుక తొట్టి దాటాక మురుగును కాసేపు కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. బీఓడీలో సుమారు మూడోవంతు అక్కడే పోతుంది. తర్వాత తొట్టిలో గాలి ఊదుతారు. ఏరు రోజుల తరబడి చేసే పనిని బ్యాక్టీరియా ఇక్కడ గంటల్లో చేస్తుంది. ఆ బ్యాక్టీరియా మడ్డిని తేర్చి, కొంత మళ్ళీ అదే తొట్టిలోకి పంపిస్తారు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెన్, లాకెట్ చూపించిన పద్ధతి ఇది. కరెంటు ఖర్చు భరించలేకపోతే ఆక్సిడేషన్ కుంటలున్నాయి. వాటిలో ఎండకు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. స్థలం ఎక్కువ కావాలి, ఎండ కావాలి. ఎండకు మన కడప జిల్లాలో కరువా!

అసలు ప్రశ్న

శుద్ధి చేసిన నీటిని ఏట్లోకి వదలాలంటే బీఓడీ 30 దాటకూడదని మన దేశపు సాధారణ ప్రమాణం. ఇలాంటి అంకెల మూలాలు 1912 నాటి బ్రిటిష్ రాయల్ కమిషన్ నివేదికలో ఉన్నాయి. వాళ్ళు పెట్టుకున్న హద్దు 20. దాని వెనక ఒక షరతుంది: ఒక వంతు మురుగుకు కనీసం 8 వంతుల మంచి ఏటినీళ్ళు కలవాలి. ఏటినీళ్ళ బీఓడీ 2 అనుకుంటే, 8×2 + 20 = 36. తొమ్మిదితో భాగిస్తే 4. ఏరు తట్టుకోగలదని వాళ్ళు లెక్కేసింది ఆ నాలుగునే.

ఇప్పుడు జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు పక్కనుంచి పోయే పెన్నను తలచుకోండి. గట్టి వానలో, మైలవరం డ్యామ్ నీళ్ళో వస్తే తప్ప కనిపించేది ఇసుకే. ఎనిమిది వంతులు కాదు, ఒక్క వంతు కూడా లేదు. 30తో వదిలింది 30గానే గుంటల్లో నిలుస్తుంది, ఇసుకలోకి ఇంకుతుంది. మనవాళ్ళు చెలమ తీసుకునేదీ ఆ ఇసుకలోనే. ఫంక్షన్ సరిగ్గానే రాశారు, కానీ దానికి కావాల్సిన ఇన్‌పుట్ మన ఏట్లో లేదు.

పులివెందుల పెన్న ఒడ్డున లేదు, కానీ అక్కడ అరటి, చీనీ తోటలున్నాయి. పొలానికి పారించే నీటికి అదే ప్రమాణాల్లో హద్దు 100. మట్టిలోని సూక్ష్మజీవులు మిగతా బాకీ తీరుస్తాయి, నత్రజని చెట్టుకు అందుతుంది. అయితే బీఓడీ తగ్గినంత మాత్రాన రోగక్రిములు పోయినట్టు కాదు. పచ్చిగా తినే కూరగాయలకు పారించాలంటే క్రిములను చంపే దశ వేరే ఉండాలి. నీళ్ళకు కటకటలాడే మన సీమలో, శుద్ధి చేసిన నీళ్ళు ఎండిన ఏటికంటే తోటకు పోవడమే మేలని నాకనిపిస్తుంది.

కాబట్టి ఈసారి మీ ఊళ్ళో మురుగు శుద్ధి ప్లాంటు మాట వస్తే, “బీఓడీ ఎంతకి దించుతారు?” అని అడిగి ఊరుకోకండి. “ఆ నీళ్ళు యాడికి పోతాయి? ఎండాకాలంలో ఆడ ఏముంటాది?” అని కూడా అడగండి.