మెయిల్‌కి ఇంటిపేరు చివర ఉంటుంది

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. కూకట్‌పల్లిలో ఉండే మా అన్నయ్య కొడుకు. "బాబాయ్, వచ్చేసింది! కెనడా పీఆర్‌కి ఇన్విటేషన్!" వెనకాల మా వదిన దేవుడి గదిలో గంట కొడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. మేపుల్ ఆకు బొమ్మ, బంగారు రంగు ముద్ర, అడుగున వంకర సంతకం. కింద ఎర్ర అక్షరాలు: 48 గంటల్లో లక్షా ఎనభై వేల డిపాజిట్ కట్టకపోతే ఆహ్వానం రద్దు. డబ్బు వేయాల్సింది ఎవరో ఒక మనిషి పేరు మీదున్న సేవింగ్స్ అకౌంటులో.

వాడు అమాయకుడేం కాదు, బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. "అకౌంటు పేరు చూశావా?" అంటే, "చూశాను బాబాయ్, కానీ పది నెలల నుంచి ఎదురుచూస్తున్నాను కదా" అన్నాడు. సంగతంతా ఆ మాటలోనే ఉంది. ఆశపడి అలిసిపోయిన మనసు తనకి కావలసిన మాట వినిపించగానే గబుక్కున పట్టేసుకుంటుంది. మోసగాడికి మీ ఇంగ్లీషు, మీ డిగ్రీ అక్కర్లేదు. మీ ఎదురుచూపు చాలు.

కాబట్టి ఒక్క అలవాటు చేసుకోండి. మెయిల్ ఏం చెప్పినా సరే, ఆ మెయిల్ చూపించే దారిన వెళ్లకండి. అందులోని లింకు నొక్కొద్దు, అందులోని నంబరుకి ఫోన్ చేయొద్దు. బ్రౌజర్ తెరిచి కెనడా డాట్ సీఏ అని మీరే టైప్ చేసి మీ ఇమిగ్రేషన్ అకౌంటులోకి లాగిన్ అవ్వండి. కబురు నిజమైతే అక్కడ ఉంటుంది. కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ పంపే మెయిళ్లు చాలావరకు 'మీ అకౌంటులో కొత్త సందేశం ఉంది, చూసుకోండి' అనే రెండు ముక్కలే. అసలు లేఖ పోర్టల్లో ఉంటుంది. పెళ్లి శుభలేఖలా తళతళలాడే మెయిల్ వస్తే మాత్రం కాస్త ఆగండి.

ఆ రాత్రి వాడి చేత అదే చేయించాను. అకౌంటులో ఏమీ లేదు. తర్వాత డ్రాల పేజీ చూశాం. పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతి 2015లో మొదలైనప్పటి నుంచి ఏ రోజు డ్రా తీశారు, ఎందర్ని పిలిచారు, ఎన్ని పాయింట్ల దగ్గర గీత గీశారు అన్నది ఆ శాఖ అందరికీ కనిపించేలా పెడుతుంది. ఆఖరి డ్రా గీతకి వీడి పాయింట్లు ముప్ఫై తక్కువ. పైగా నిజంగా ఆహ్వానం వస్తే దరఖాస్తు పెట్టడానికి 60 రోజులిస్తారు. 60 రోజులిచ్చేవాళ్లు 48 గంటలని ఎందుకు బెదిరిస్తారు? వాడు కాసేపు మాట్లాడలేదు. గంట చప్పుడు కూడా ఆగిపోయింది.

ఇక చిరునామా సంగతి. ఫోన్లో పంపినవాళ్ల పేరొక్కటే కనిపిస్తుంది, ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాని మీద నొక్కితే అసలు చిరునామా బయటపడుతుంది. మన పేర్లకి ఇంటిపేరు ముందుంటుంది గానీ మెయిల్‌కి చివర ఉంటుంది. అందుకే కుడి నుంచి చదవండి. ఐఆర్‌సీసీ మెయిల్ 'సీఐసీ డాట్ జీసీ డాట్ సీఏ' అనో, 'కెనడా డాట్ సీఏ' అనో ముగుస్తుంది. ముందు కెనడా, ఇమిగ్రేషన్, వీసా అని ఎన్ని మాటలు గుచ్చినా చివర 'డాట్ కామ్' ఉంటే ఆ ఇల్లు వేరు. ఉత్త 'డాట్ సీఏ' ఉన్నా సరిపోదు, అది అక్కడి ప్రైవేటు కంపెనీలకీ దొరుకుతుంది. ఇంతా చేసి, సరైన చిరునామా వేషమే కట్టి మెయిల్ పంపే దొంగలూ ఉన్నారు. అందుకే లాగిన్ అయి చూడటం తప్పదు.

స్పెల్లింగ్ తప్పులుంటే దొంగ మెయిలని వెనకటికి చెప్పేవాళ్లం. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని దొంగల ఇంగ్లీషు మనకంటే బాగుంటోంది. అర్ధరాత్రి వచ్చిందని అనుమానించడమూ దండగే. మనకి రాత్రి పదకొండున్నరైతే ఆటావాలో మధ్యాహ్నం, ఆఫీసులు నడుస్తూనే ఉంటాయి. అమెరికా గ్రీన్‌కార్డు లాటరీ తగిలిందని మెయిలొస్తే ఆలోచించే పని కూడా లేదు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఇండియాలో పుట్టినవాళ్లకి ఆ లాటరీలో అర్హతే లేదు, గెలిచినవాళ్లకి కూడా ఆ విషయం మెయిల్లో చెప్పరు.

నాకు ఇంతకన్నా భయం వేసేది ఇంకోటుంది. చాలామంది తమ పేరు మీద కొత్త జీమెయిల్ తెరిచే పనీ, పాస్‌వర్డ్ పెట్టే పనీ కన్సల్టెన్సీకే వదిలేస్తారు. అప్పుడు అసలు మెయిళ్లు వాళ్లకి వెళ్తాయి, మీకొచ్చేవి వాళ్లు ఫార్వర్డ్ చేసినవే. అందులో ఏం కలిపారో ఏం తీశారో మీకెలా తెలుస్తుంది? మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. డబ్బు తీసుకుని కెనడా కేసు చూసే కన్సల్టెంటుకి అక్కడి కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది, పేరు కొట్టి చూడండి. 'లైసెన్సు నంబరు చెప్పండి సార్' అని అడగడానికి మొహమాటపడేవాళ్లు అదే మనిషికి లక్షలు మొహమాటం లేకుండా కట్టేస్తారు!

ఒకవేళ డబ్బు వేసేశారా? సిగ్గుపడుతూ తెల్లారేదాకా కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

మావాడు ఆ రాత్రి దెబ్బతో రెండో వైపుకి ఒరిగాడు. కెనడా అన్న మాట కనిపిస్తే చాలు, మెయిల్ చెత్తబుట్టలో వేసేవాడు. అదీ ప్రమాదమే. బయోమెట్రిక్స్ లేఖ వస్తే వేలిముద్రలిచ్చి రావడానికి సాధారణంగా 30 రోజులే గడువు. ప్రతి ఆదివారం కాఫీ తాగుతూ ఒకసారి అకౌంటులోకి వెళ్లి చూడమన్నాను, మెయిల్ వచ్చినా రాకపోయినా.

మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. మధ్యలో ఐఈఎల్‌టీఎస్ మళ్లీ రాసి, పాయింట్లు పెంచుకుని, ఇన్విటేషన్ తెచ్చుకుని, దరఖాస్తు కూడా పెట్టేశాడు.

"బాబాయ్, స్పామ్‌లో ఒక మెయిల్ ఉంది. ముద్ర లేదు, సంతకం లేదు, మరీ చప్పగా ఉంది."

"లాగిన్ అయ్యావా?"

"అయ్యాకే నీకు చేస్తున్నా. బయోమెట్రిక్స్‌కి రమ్మన్నారు."