పెంపుడు ప్రాణి మరణము – పిల్లల దుఃఖము

ఇంట పెరిగిన కుక్కపిల్ల ఒకనాటి ఉదయమున లేవదు. పెద్దలకు అది జంతువు. ఆరేండ్ల బాలునికి తోడబుట్టిన దానితో సమానము. పెక్కుమంది పిల్లలకు మరణముతో మొదటి పరిచయము ఈ విధముగనే కలుగుచున్నది. అప్పుడు పెద్దలు పలికిన మాట పిల్లల మనస్సున చిరకాలము నిలుచును.

మరణమును పిల్లలు వయస్సును బట్టి గ్రహింతురు. 1948లో మేరియా నాగీ అను మనస్తత్వ పరిశోధకురాలు బుడాపెస్టు నగరపు పిల్లల మాటలను, చిత్రములను పరిశీలించి తన నిర్ణయములను ప్రకటించెను. అయిదేండ్లలోపు వారు మరణమును నిద్రగనో, ప్రయాణముగనో తలంతురు; పోయినది తిరిగి వచ్చునని ఎదురుచూతురు. తొమ్మిదేండ్లు వచ్చుసరికి అది ఎల్ల ప్రాణులకును తప్పదని తెలిసికొందురు. ఏడేండ్లకే పలువురు ఈ సంగతి గ్రహింతురని తరువాతి పరిశోధకులు చూపిరి.

కనుకనే “నిద్రపోయినది” అని చెప్పుట మంచిది కాదు. ఆ మాట విన్న పసివాడు రాత్రి కన్ను మూయుటకు భయపడును. “ఊరికి పోయినది” అన్నచో వాకిట కూర్చుండి ఎదురుచూచును. “చనిపోయినది, ఇక ఊపిరి తీయదు, తినదు, దానికి నొప్పి లేదు, తిరిగి రాదు” అని మెల్లగా, స్పష్టముగా చెప్పవలెను. జీవుని గతిని గూర్చి ఇంటివారి విశ్వాసమును పిమ్మట చెప్పవచ్చును. కాని ఆ బోధ కన్నీటిని ఆపుటకు సాధనము కారాదు.

పిల్లవాడు పైకి చెప్పని ప్రశ్న మరియొకటి కలదు. “నేను మొన్న కొట్టితిని; అందుచేతనే చచ్చిపోయినదా?” పసివారు తమ కోపమే కీడు చేసినదని నమ్ముదురు. పెద్దలే ఆ ప్రస్తావన తెచ్చి, మరణమునకు నిజమైన కారణమును చెప్పి, “నీ వలన కాదు” అని ధైర్యము చెప్పవలెను. కొట్టిన మాట నిజమైనచో దానిని కప్పిపుచ్చనక్కరలేదు. సమస్త జీవులను క్షమాపణ వేడు ఆచారము జైన గృహములలో ఉన్నదే. ఆ కుక్కపిల్లను తలచి క్షమాపణ కోరుమన్నచో బాలుని గుండె బరువు తగ్గును.

పాతిపెట్టునపుడు పిల్లలు కోరినచో దగ్గర ఉండనీయవలెను, బలవంతము కూడదు. అమెరికా రచయిత్రి జూడిత్ వయొర్స్ట్ 1971లో ప్రకటించిన బాలల పుస్తకమున, చనిపోయిన పిల్లిని గూర్చి పది మంచి సంగతులు తలచుకొమ్మని తల్లి తన కుమారునితో చెప్పును. ఈ పద్ధతి ఏ ఇంటనైనను ఆచరింపదగినదే. బొమ్మ గీయుట, చెట్టు నాటుట కూడ మంచివే.

పిల్లవాడు ఒక గడియ ఏడ్చి మరుగడియ ఆటకు పోవును. అది దయలేమి కాదు, పసివారి దుఃఖలక్షణము. మరునాడే వేరొక కుక్కపిల్లను తెచ్చుట తొందరపాటు. పోయిన ప్రాణికి విలువ లేదని బాలుడు తలచును. వారముల తరబడి తిండి, నిద్ర, చదువు చెడినచో వైద్యుని సంప్రదింపవలెను.

“కుక్కకై ఏడ్చెదవా?” అని నవ్విన ఇంట బాలుడు తన దుఃఖమును దాచుట నేర్చుకొనును. ప్రక్కన కూర్చుండి వినిన ఇంట, రేపు పెద్ద దుఃఖము వచ్చినప్పుడు ఎవరి యొద్దకు పోవలెనో నేర్చుకొనును.