గళ్ళ నుడికట్టు – ఆధార విశ్లేషణ

ప్రహేళిక మనకు కొత్త కాదు. దండి కావ్యాదర్శంలో పదహారు విధాల ప్రహేళికలను పేర్కొన్నాడు. 1913లో న్యూయార్క్ పత్రికలో ఆర్థర్ విన్ ఆరంభించిన గళ్ళ క్రీడను ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’గా, శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’గా తెలుగువారికి అందించారు.

గూఢమైన ఆధారంలో రెండు భాగాలుంటాయి: అర్థం, అక్షరాల అమరిక. చివరి అంకె గళ్ళ సంఖ్య.

1. ‘మనసు మొదలును కడుపున దాచిన కలం కొలనులో విరిసింది (3)’. మనసు మొదలు ‘మ’. అది ‘కలం’ నడుమ చేరితే ‘కమలం’. ‘కొలనులో విరిసింది’ అన్నది అర్థం. వాక్యం కవిహృదయాన్ని స్ఫురింపజేసి దారి తప్పించింది. అక్షరం మాత్రం అబద్ధమాడలేదు.

2. ‘ఇంటికప్పును మోసేది సున్న విడిచి ఊరు చేరితే అటవీ అకాడమీకి నెలవు (4)’. దూలం సున్న విడిస్తే ‘దూల’, ఊరు ‘పల్లి’. హైదరాబాదు ఉత్తర శివారులోని దూలపల్లిలో తెలంగాణ రాష్ట్ర అటవీ అకాడమీ ఉంది. అయితే ఇది అక్షరక్రీడయే కాని, ఊరిపేరుకు వ్యుత్పత్తి కాదు.

ఊహకు తోచినంత మాత్రాన గడి నింపరాదు. ప్రతి అక్షరానికీ ఆధారంలో సాక్ష్యం చూపగలగాలి. పద్యానికి తాత్పర్యం రాసేటప్పుడూ నియమమిదే.

అభ్యాసం: ‘ఆల్చిప్పలో పుట్టింది, ఎటునుంచి చూచినా ఒకటే (3)’. సమాధానాన్ని కారణసహితంగా రాయండి.