వార్డర్ కొలువు: జీతంతో పాటు లీవులూ లెక్కేసుకోండి

కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ లాంటి బొగ్గుగని ఊళ్ల పిల్లలకు షిఫ్టు డ్యూటీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మస్టర్, ప్లే డే, రాత్రి షిఫ్టు మాటలు వింటూనే పెరిగారు. కానిస్టేబుల్ పరీక్షకు చదివే వీళ్లలో చాలామంది జైలు వార్డర్ పోస్టుకూ ఆప్షన్ పెడతారు. 2018, 2022 నోటిఫికేషన్లలో రెండింటినీ ఒకే బోర్డు భర్తీ చేసింది. ఇంటర్ అర్హత చాలు. పెట్టండి, మంచి కొలువే. కాకపోతే బాయి పనికీ జైలు పనికీ లీవుల దగ్గర పెద్ద తేడా ఉంది.

చట్టం ప్రకారం గనుల్లో వారపు సెలవు పోయిన కార్మికుడికి అదే నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో బదులు సెలవు ఇచ్చి తీరాలి. 1894 నాటి జైళ్ల చట్టం ధోరణి వేరు. మంజూరైన లీవు దాటి కావాలని ఉండిపోతే 54వ సెక్షన్ కింద అది నేరం. మేజిస్ట్రేటు రూ.200 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ వేయొచ్చు. జరిమానా ఇవాళ నవ్వు తెప్పించినా, జైలుశిక్ష నవ్వులాట కాదు. చెప్పకుండా డ్యూటీ వదిలేసినా, అనుమతి లేకుండా వేరే పని చేసినా ఇదే సెక్షన్. కాబట్టి ఊళ్లో సైడ్ బిజినెస్ ఆలోచన ఉంటే మానుకోండి.

రాష్ట్ర ఉద్యోగులకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులుంటాయి. 30 రోజుల ఆర్జిత సెలవు, అంటే ఈఎల్‌ను జనవరి 1న సగం, జూలై 1న సగం ముందే ఖాతాలో వేస్తారు. అది 300 రోజుల దాకా నిల్వ ఉంటుంది, రిటైరయ్యేటప్పుడు డబ్బుగా మారుతుంది. సగం జీతపు లీవు ఏడాదికి 20 రోజులు. మహిళలకు ప్రసూతి సెలవు 180 రోజులు.

పండుగ నాడు పనికి పిలిస్తే దానికి బదులు క్యాజువల్ లీవు (సీసీఎల్) ఇవ్వాలన్న నిబంధన సర్కారు కొలువుల్లో ఉంది. ఏడాదికి పదికి మించవు, ఆరు నెలల్లో వాడకపోతే పోతాయి. ఏ రోజు పనిచేశారో తేదీతో సహా రాసిపెట్టుకోండి.

అసలు చిక్కు మంజూరు దగ్గరే. నిబంధనల ప్రకారం లీవు హక్కు కాదు. సమ్మక్క జాతరకు అందరికీ లీవు కావాలి, బ్యారక్ మాత్రం ఖాళీగా ఉండదు. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా సిబ్బంది ఉండాలని 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతుంది. పోస్టులు ఖాళీగా ఉన్న చోట ఆ భారం ఉన్నవాళ్ల లీవుల మీదే పడుతుంది. చెల్లె పెళ్లి ఖాయమైన వారమే అర్జీ ఇవ్వండి. ఇంటికెళ్లాక జబ్బు చేస్తే గడువు ముగియకముందే మెడికల్ సర్టిఫికెట్‌తో పొడిగింపు అడిగి, పంపిన రుజువు దాచుకోండి. 'కావాలని ఉండిపోయాడు' అనే ఆరోపణ వస్తే మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.