స్టార్టప్ చట్టం – నేర్పే చేతికి అండ

స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించే రోజుల్లో మనకు ఏటా ఒకే మాట వినిపిస్తోంది: "బీటెక్ అయింది, ఉద్యోగం రాలేదు, అనుభవం కావాలంటున్నారు." అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ చిక్కుముడి మనం కట్టే ఫీజులతో విడిపోదు. కొత్తవారిని చేర్చుకుని, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించే సంస్థలు కావాలి.

చిన్న స్టార్టప్‌కు ఇది బరువే. నేర్పేవారి సమయం పోతుంది, జీతం ముందే ఇవ్వాలి. తీరా నేర్చుకున్న పిల్లవాడు పెద్ద కంపెనీకి వెళ్ళిపోవచ్చు. అందుకే చాలామంది అనుభవం ఉన్నవారినే వెతుక్కుంటారు. ఈ బరువును చట్టం ఎలా పంచుకోగలదో రెండు ఆఫ్రికా దేశాలు చూపించాయి.

నైజీరియా: నేర్పితే రాయితీ

నైజీరియాలో ఒక స్థాయి దాటిన సంస్థలు తమ వార్షిక జీతాల మొత్తంలో 1 శాతాన్ని పారిశ్రామిక శిక్షణ నిధికి చెల్లించాలి. 1971లో ఏర్పడిన నిధి ఇది. 2022లో అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ సంతకం చేసిన స్టార్టప్ చట్టం ఇక్కడ ఒక వెసులుబాటు ఇచ్చింది. గుర్తింపు పొందిన స్టార్టప్ తన ఉద్యోగులకు తానే శిక్షణ ఇస్తే ఆ చెల్లింపు నుంచి మినహాయింపు ఉంటుంది. అంటే నిధికి వెళ్ళవలసిన సొమ్ము నేర్పే చోటే మిగులుతుంది.

మరో నిబంధన మన పిల్లల సమస్యకు ఇంకా దగ్గరగా ఉంది. కనీసం 10 మందిని పనిలో పెట్టుకుని, వారిలో 60 శాతం మంది ఏ అనుభవమూ లేనివారై, చదువు ముగించి మూడేళ్ళు దాటనివారైతే, ఆ స్టార్టప్‌కు ఆదాయపు పన్నులో రాయితీ ఉంటుంది. ఉద్యోగానికి అడ్డుగా నిలిచిన 'అనుభవం లేదు' అనే మాటే అక్కడ యజమానికి లాభంగా మారింది.

ట్యునీషియా: నేర్చుకునే ధైర్యానికి గడువు

ట్యునీషియా 2018 ఏప్రిల్‌లో స్టార్టప్ చట్టం చేసింది. స్టార్టప్ పెట్టదలచిన ఉద్యోగి, ప్రభుత్వ రంగంలో ఉన్నా ప్రైవేటులో ఉన్నా, ఏడాది సెలవు తీసుకోవచ్చు. దాన్ని ఒకసారి పొడిగించుకోవచ్చు. ప్రయత్నం ఫలించకపోతే పాత ఉద్యోగానికి తిరిగి రావచ్చు. వ్యవస్థాపకులకు ఏడాది వరకు జీవనభృతి కూడా ఉంది. నెలజీతం మీద ఇల్లు గడిచే కుటుంబాలలోని పిల్లలు ఇలాంటి భరోసా లేనిదే కొత్త పనికి సాహసించలేరు. స్టార్టప్ ఉద్యోగుల సామాజిక భద్రత చెల్లింపులను ప్రభుత్వమే భరించడం వల్ల కొత్తవారిని చేర్చుకునే ఖర్చు కూడా తగ్గుతుంది.

మన దగ్గర ఉన్న తలుపు

మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. దాని కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్నచోట అది యజమాని ఇష్టం. చాలా స్టార్టప్‌లు ఈ రెండో వర్గంలోకే వస్తాయి. బలవంతం లేదు కనుక ప్రోత్సాహమే దారి. ఆ ప్రోత్సాహం కొంత ఉంది కూడా. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసినవారికి ఇవ్వవలసిన కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. ఈ సంగతి తెలియక చిన్న సంస్థలు అడగవు, పిల్లలు దరఖాస్తు పెట్టరు.

మనం గ్రహించవలసినది

పెట్టుబడికి రాయితీ ఇచ్చినంత మాత్రాన నైపుణ్యం పెరగదు. చట్టం మూడు ప్రశ్నలకు స్పష్టంగా జవాబు చెప్పాలి: నేర్పే ఖర్చు ఎవరిది? నేర్చుకునే కాలంలో ఇల్లు ఎలా గడవాలి? నిజంగా నేర్పారో లేదో ఎవరు చూస్తారు? మూడోది మరిచిపోతే శిక్షణ హాజరు పట్టీలోనే మిగిలిపోతుంది. అప్రెంటిస్ పేరుతో చవకగా చాకిరీ చేయించుకునే ప్రమాదమూ ఉంది. ఏం నేర్పాలో ముందే రాసుకున్న ఒప్పందం, చివర పరీక్ష, ధ్రువపత్రం ఉంటేనే ఆ ఏడాదికి విలువ.

చట్టాలు చేయడం మన చేతిలో లేదు. ఉన్న చట్టాన్ని ఇంటింటికీ చేర్చడం మన చేతిలో ఉంది. ఫీజు చెక్కుతో పాటు అప్రెంటిస్ దరఖాస్తు ఎలా పెట్టాలో ఒక కాగితం ఇద్దాం. మనలో వ్యాపారాలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు నడిపేవారు తలా ఒకరికి చోటిస్తే, వచ్చే ఏడాది దరఖాస్తుల్లో 'అనుభవం లేదు' అనే మాట కొంతైనా తగ్గుతుంది.