ఇంజన్ పాతదైతే ఆయిల్ చిక్కబడాలా?

వాడపల్లి

అల్లుడూ,

మిర్యాలగూడ షెడ్డులో పనికి కుదిరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. పాత ట్రాక్టరుకు 20డబ్ల్యూ-50 పొయ్యమని ఆసామి పట్టుబడుతున్నాడని రాశావు. తొందరపడకు.

డబ్బా మీద డబ్ల్యూ అంటే చలికాలం. 15డబ్ల్యూ ఆయిల్‌తో చలిలో ఇంజన్ తిరుగుతుందా అని చూసే పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర. కృష్ణా మూసీ కలిసే మన ఊళ్లో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిది? ఆ 15కీ 20కీ మధ్య షాపువాడితో వాదన అనవసరం. చూడాల్సింది వెనక అంకె. అది 100 డిగ్రీల వేడిలో కొలిచిన చిక్కదనం. 40 గ్రేడు 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల లోపు, 50 గ్రేడు అక్కడి నుంచి 21.9 లోపు.

ఏరు దాటితే రెంటచింతల ఎండలు, 50 ఉంటేనే నిలుస్తుంది అంటారు. ఎండ వేడి వేరు, ఆయిల్ వేడి వేరు. థర్మోస్టాట్, రేడియేటర్ సరిగ్గా ఉంటే నీళ్ల వేడి, దాంతోపాటు ఆయిల్ వేడి అదుపులోనే ఉంటాయి. దమ్ము చేసేటప్పుడు ఇంజన్ మీద లోడు పడుతుంది, రేడియేటర్ జాలీలో పొట్టు, దుమ్ము నిండి ఉంటుంది. అది కడగకుండా ఆయిల్ మార్చి ఏం లాభం?

ముందు డిప్‌స్టిక్ తియ్యి. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే, డీజిల్ దిగి ఆయిల్ పలచబడుతోంది. పాల కాఫీ రంగుంటే నీళ్లు కలిశాయి. నల్లబడితే మాత్రం భయపడకు, డీజిల్ ఇంజన్‌లో అది మామూలే. తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక, స్లోలో ఆయిల్ ప్రెషర్ చూడు. లోడు మీద నీలం పొగ వస్తే రింగులు అరిగినట్టు. అరిగిన రింగును చిక్కటి ఆయిల్ బాగుచెయ్యదు, జబ్బును కొన్నాళ్లు దాస్తుంది, అంతే. పైగా పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బేరింగులకు ఆలస్యంగా అందుతుంది. ప్రెషర్ నిజంగా తగ్గి, కోతలయ్యేదాకా ఇంజన్ బోరు పనికి ఆసామి దగ్గర డబ్బుల్లేకపోతే, అప్పుడు 50 పొయ్యి. అది ఆ సీజను గడవడానికే అని ముందే చెప్పు.

అప్పటిదాకా కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడే. పుస్తకం పోతే, ఇలాంటి ట్రాక్టరుకు డీజిల్ ఇంజన్ల 15డబ్ల్యూ-40, డబ్బా మీద సీఐ-4 అని ఉన్నది తీసుకో. బైకుల ఆయిల్ ఇందులో పొయ్యనివ్వకు.

ప్రెషర్ ఎంత చూపించిందో రాయి.

మీ మామ